కాషాన్ పాత్రల మీద మెరిసేది బంగారం కాదు, పొగ చేసిన పని

"మధ్యయుగపు ఇరాన్ పింగాణీ మీద ఆ పసిడి రంగు నిజం బంగారమేనా?" అని అడిగారు. గురిగింజ ఎత్తు బంగారం కూడా లేదు. వెండి, రాగి, అంతే. ఆ మాటకొస్తే అది పింగాణీ కూడా కాదు. తెల్లగా ఉన్న ప్రతిదాన్నీ పింగాణీ అనేయడం మనకో జబ్బు.

చైనావాళ్ల పింగాణీ మట్టి ఇరాన్‌లోని కాషాన్ ఊరి కుమ్మరులకు లేదు. పది పాళ్లు పలుగురాయి పిండి, ఒక పాలు గాజుపొడి, ఒక పాలు తెల్ల బంకమన్ను కలిపేవారు. 1301లో ఈ కొలతలు రాసిపెట్టిన అబుల్ ఖాసిం కాషానీ, తరాల తరబడి ఈ పనే చేసిన అబూ తాహిర్ ఇంటివాడు. బంకమన్ను ఇంత తక్కువైతే ముద్దకు జిగట ఉండదు, సారె మీద లేపబోతే చిరుగుతుంది. అందుకే చాలా పాత్రలు అచ్చుల్లో ఒత్తినవే.

దాని మీద తగరం, సీసం కలిపిన తెల్ల గ్లేజు, అంటే గాజులాంటి పూత, పూసి, ఒకసారి పూర్తిగా కాలుస్తారు. అసలు కథ ఆ తర్వాతే. వెండి, రాగి భస్మాలను కావిమట్టితో మెత్తగా నూరి, ద్రాక్షరసంలోనో వెనిగర్‌లోనో కలిపి, కాలిన గ్లేజు మీదే బొమ్మ వేస్తారు. కావిమట్టి ఆ లోహాలను మోసే వాహనం మాత్రమే, చివరికి అది ఉండదు. రెండో బట్టీ వేడి 600 నుంచి 650 డిగ్రీలు. గ్లేజు కరగకూడదు, కాస్త మెత్తబడాలి. అప్పుడు గాలి తగ్గించి పొగ పెట్టాలి. గ్లేజులోని సోడియం, పొటాషియం బయటికొచ్చి, వాటి చోట్లోకి వెండి, రాగి చేరతాయి. పొగలోని కార్బన్ మోనాక్సైడ్ వాటి ఆక్సిజన్ లాగేసుకుంటుంది. కంటికి ఆనని లోహపు రేణువులు గ్లేజు పైపొరలోనే మిగులుతాయి. అబుల్ ఖాసిం లెక్కలో ఈ సన్నపొగ 72 గంటలు. చల్లారాక తడిమట్టితో రుద్దితే పై మసి పోయి మెరుపు బయటపడుతుంది. ఈ మెరుపునే లస్టర్ అంటారు.

చెడేదీ ఇక్కడే. వేడి ఎక్కువైతే కావిమట్టి గ్లేజుకు అతుక్కుని గరుకుగా మిగులుతుంది. తక్కువైతే రుద్దినప్పుడు బొమ్మ మొత్తం తుడుచుకుపోతుంది. పొగ చాలకపోతే పసుపు మరకే తప్ప తళుకు రాదు. అతిగా పెడితే గ్లేజులోని సీసం బూడిదరంగుకు తిరిగి తెల్లదనం చస్తుంది. వెండి పాలు పెరిగితే లేతపసుపు, రాగి పెరిగితే ఎరుపు. ఇప్పటివాళ్లు చిన్న నమూనా ముక్కలు బట్టీలో పెట్టి, కంతలోంచి ఒక్కొక్కటీ లాగి చూసుకుంటారు. అయినా బట్టీకో ఫలితం. మష్హద్‌లో ఇమామ్ రజా సమాధి గోడలకు 1215లో ఈ పద్ధతిలోనే పలకలు చేసి బిగించారంటే, ఆ పనివాళ్లకు పొగ మీద ఎంత పట్టుందో చూడండి.

సీసాల్లో అమ్మే "గోల్డ్ లస్టర్" ఇది కాదు. అది నూనెలో కలిపిన బంగారు ద్రావణం, మామూలు గాలిలోనే కాలుతుంది, ఎవరు పూసినా మెరుస్తుంది. హైదరాబాద్ బాద్‌షాహీ అషూర్‌ఖానా గోడల పలకల్ని కూడా కాషాన్ లస్టర్‌తో కలిపేస్తుంటారు. అవి రంగు పలకల్ని ముక్కలుగా కోసి పేర్చినవి, లస్టర్ కాదు.

నిజంగా బంగారు రేకు వాడినవి వేరే ఉన్నాయి. ముదురునీలం మీద రేకు ముక్కలు అంటించిన లాజ్వర్దీనా అలాంటిదే. తేడా చూడటం తేలిక. రేకు గ్లేజు పైన కూర్చుంటుంది, అంచుల్లో లేచిపోతుంది. లస్టర్ గ్లేజులోపల ఉంటుంది కాబట్టి వేలికి తగలదు. పాత్రను దీపం ముందు అటూ ఇటూ తిప్పితే ఒక కోణంలో గోధుమరంగు గీతలు, ఇంకో కోణంలో తళుక్కుమనే లోహం.