పీపీఓలో ఒక పేరు, ఆధార్‌లో మరో పేరు

ప్రశ్న: మావారు ఆర్మీలో హవల్దారుగా రిటైరయ్యారు. 62వ ఏట, రెండు నెలల క్రితం పోయారు. పీపీఓ (పెన్షన్ చెల్లింపు ఉత్తర్వు)లో నా పేరు ‘లక్ష్మి’, ఆధార్‌లో ‘వెంకటలక్ష్మి’. ఆయన పెన్షన్ ఇంకా ఖాతాలో పడుతోంది. వాడుకోవచ్చా?
– ఓ పాఠకురాలు, ప్రకాశం జిల్లా

జవాబు: ఆ డబ్బు ముట్టుకోకండమ్మా. మరణించిన రోజు వరకే ఆయన పెన్షన్. ఆపై పడ్డది తర్వాత రికవరీ చేస్తారు. చాలామంది కర్మకాండలకు వాడేసి ఇబ్బంది పడతారు. ముందు మరణ ధ్రువపత్రంతో రక్షణ శాఖ పెన్షన్ల పోర్టల్ ‘స్పర్శ్‌’లో సమాచారం నమోదు చేయించండి.

అసలు చిక్కు పేరుతోనే. ఆధార్‌ను పీపీఓకు తగ్గట్టు మార్చేయమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. పాన్, బ్యాంకు ఖాతాలతో కొత్త తేడాలొస్తాయి. సరిదిద్దాల్సింది సైన్యం రికార్డు. రెండు పేర్లూ ఒకరివేనన్న అఫిడవిట్, డిశ్చార్జి పుస్తకం, పీపీఓ, ఆధార్ నకళ్లతో జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్లండి. ఆయన రెజిమెంటు రికార్డ్ ఆఫీసుకు దరఖాస్తు రాయడంలో వాళ్లు సాయపడతారు. దళారి అక్కర్లేదు.

మరణం మర్నాటి నుంచి కుటుంబ పెన్షన్ లెక్కకొస్తుంది. మొదట మామూలు కన్నా ఎక్కువగా, పెంచిన రేటులో ఇస్తారు. అది ఏడేళ్లు, లేదా ఆయన బతికుంటే 67 నిండే తేదీ దాకా, ఏది ముందైతే అది. మీ విషయంలో సుమారు అయిదేళ్లే. తర్వాత చివరి జీతంలో 30 శాతం. ఏటా లైఫ్ సర్టిఫికెట్ మరవకండి.