మధ్యాహ్నం మూసేసిన పబ్బు

తమ్ముడూ,

నీ కథ చదివాను, బాగుంది. నాలుగో పేజీకి వచ్చేసరికి మాత్రం కాగితాలు బల్ల మీద పడేశాను. 1955లో, సోమర్సెట్‌లో, మధ్యాహ్నం 3 గంటలకు, క్రికెట్ మానేసిన నీ హీరో నడిపే పబ్బు జనంతో కిటకిటలాడుతోందట! ఆ రోజుల్లో ఇంగ్లండ్‌లో పబ్బులు మధ్యాహ్నం పూట మూసేసేవారయ్యా. మొదటి ప్రపంచయుద్ధంలో, ఫ్యాక్టరీల పని పాడవుతోందని పెట్టిన ఆంక్ష అది. 1988 దాకా నడిచింది. నా బాధ ఆ తప్పు గురించి కాదు. తలుపులు మూసిన ఆ రెండు మూడు గంటల్లోనే నీ కథ ఉంది. అతను నేలమాళిగలోకి దిగి పీపాలు చూసుకునేది, భార్య గల్లాపెట్టె లెక్క చూసేది అప్పుడే. నువ్వేమో ఆ వేళలో అతని చేత పాత సిక్సర్ల కబుర్లు చెప్పించావు.

మనిషికి పూట ఎలా గడుస్తోందో చెప్పని కథ నాకు రుచించదు. చాదస్తం అనుకో. ఆ రోజుల్లో కౌంటీకి, అంటే అక్కడి జిల్లా జట్టుకు, ఆడే మామూలు ఆటగాళ్ళలో చాలామందికి జీతం వేసవికే. చలికాలం వస్తే ఇంకేదో పని వెతుక్కోవాల్సిందే. పదేళ్ళో పన్నెండేళ్ళో ఆడితే క్లబ్బు ఒక మ్యాచ్‌ను అతని పేరిట ఇచ్చేది, బెనిఫిట్ అంటారు. గేటు దగ్గర వచ్చిన డబ్బు అతనిది, మ్యాచ్ ఖర్చులూ అతనివే. బెర్టీ బ్యూస్ అని సోమర్సెట్ ఆటగాడే ఒకాయన ఉండేవాడు. 1953 జూన్‌లో బాత్‌లో లాంకషైర్ మీద ఆయన బెనిఫిట్. మూడు రోజుల మ్యాచ్, కొత్తగా వేసిన పిచ్ మీద ఒక్కరోజులో అయిపోయింది. పాపం, ఆయనే 6 వికెట్లు తీశాడు! ఒక్కో వికెట్టూ ఆయన జేబుకే చిల్లు పెట్టింది.

నీ హీరో బెనిఫిట్ డబ్బుతో పబ్బు "కొన్నాడు" అని ఒక్క ముక్కలో తేల్చేశావు. అప్పట్లో అక్కడ చాలా పబ్బులు బీరు కంపెనీలవి. ఇతను అద్దెకు దిగినవాడు, ఆ కంపెనీ బీరే అమ్మాలి. గుమ్మం మీద పేరు ఇతనిది, పీపా వాళ్ళది. ఆ పేరు చూసి జనం ఎన్నేళ్ళు వస్తారు?

విలియం క్లార్క్ సంగతి విను. నాటింగ్‌హామ్‌లో తాపీమేస్త్రీ, క్రికెట్ ఆటగాడు, ఒక కన్ను పోయినవాడు. 1837లో ట్రెంట్ బ్రిడ్జ్ దగ్గరి సత్రం నడిపే మేరీ అనే వితంతువును పెళ్ళాడి, మరుసటి ఏడు ఆ పక్క నేలలో మైదానం తయారుచేసి, లోపలికి రావాలంటే డబ్బు కట్టమన్నాడు. ఇప్పుడు టెస్టులు జరిగే ట్రెంట్ బ్రిడ్జ్ అదే. చరిత్రలో పేరు క్లార్క్‌ది, సత్రం మేరీది.

నీ కథలో భార్యకు పేరే లేదు. "అతని కబురు అప్పుడే మొదటిసారి వింటున్నట్టు నవ్వి, మళ్ళీ గ్లాసు తుడవసాగింది" అని ఒక్క వాక్యం. అక్కడ నాకు గొంతు పట్టేసింది. ఆమెను అంతటితో వదిలేశావు.

నేనూ తక్కువ తినలేదులే. కుర్రతనంలో కల్లు కాంపౌండ్ మీద ఒక కథ రాశాను, లోపల అడుగుపెట్టకుండానే. మా ఊరి గీత కార్మికుడొకాయన చదివించుకుని విన్నాడు. "మోకు గురించి మంచిగనే రాసినవు సారూ, చెట్టు పన్ను ఎవరు కట్టిండ్రు?" అన్నాడు. ఏడాది ఆయన వెంట తిరిగి మళ్ళీ రాశాను. ఒక వారపత్రిక ఎడిటర్ ఆ పన్ను పేరానే కోసేశాడు. "కథలో చిట్టా పద్దులెందుకండీ, ఫీల్ పోతుంది" అన్నాడు. ఆ కోపం నాకింకా చావలేదు. ఇప్పుడు అందరికీ ఫీలే కావాలి, చిన్ననాటి వాన, అమ్మమ్మ ఆవకాయ. ఆ ఆవకాయకు నూనె ఎవరు అప్పిచ్చారో ఒక్కడూ రాయడు.

పోటీకి పంపమంటావా అని అడిగావు. పోటీల గురించి నన్ను కదిలించకు.

ఆమెకు పేరు పెట్టు. తలుపులు మూశాక ఆమె చేత చిల్లర లెక్కపెట్టించు, ఎంత తగ్గిందో నాకు తెలియాలి. పేజీ నంబర్లు కూడా వెయ్యి. 7, 8 పేజీలు తారుమారై, నీ హీరో రిటైరయ్యాక కూడా ఇంకో సెంచరీ కొట్టాడు.