డై పైకి విప్పితే కేసు ఇంకా బిగిసిందేం?

ప్రశ్న: .308 వించెస్టర్ బోల్ట్ రైఫిల్‌కి తూటాలు నేనే నింపుకుంటాను. కేసు (తూటా ఇత్తడి గొట్టం) భుజం, అంటే మెడ కింద వాలుగా ఉండే భాగం, మరీ వెనక్కి పోకూడదని ఫుల్ లెంగ్త్ డైని (పేలిన కేసు మొత్తాన్ని నొక్కి మళ్లీ కొలతకి తెచ్చే అచ్చు) పావు చుట్టు పైకి విప్పాను. అలా సైజ్ చేసిన కేసులు చాంబర్‌లోకి (రైఫిల్‌లో తూటా కూర్చునే చోటు) మునుపటికన్నా బిగుతుగా వెళ్తున్నాయి. ఎందుకని?
– ఒక పాఠకుడు, డాలస్

జవాబు: డై ముందుగా కేసు ఒంటిని నొక్కుతుంది. చుట్టూ నొక్కుకుపోయిన ఇత్తడి పైకి జరిగి భుజాన్ని ముందుకు తోస్తుంది. డై దిగి భుజానికి ఆనితేనే అది మళ్లీ వెనక్కి వస్తుంది. మీరు ఆ మధ్యలో ఆగిపోయారు. డై మర అంగుళానికి 14 చుట్లు, అంటే ఒక్కో చుట్టుకి సుమారు 71 థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు). పావు చుట్టంటే 18 థౌ! ఒక్క థౌ కావాలంటే 5 డిగ్రీలు తిప్పితే చాలు.

మీ రైఫిల్‌లోనే రెండు మూడుసార్లు పేలిన కేసులు నాలుగైదు తీసుకోండి. ప్రైమర్లు (అడుగున మందు అంటించే చిన్న బిళ్లలు) ముందే తీసేయండి, ఉబికిన ప్రైమర్ కొలతను పాడుచేస్తుంది. కాలిపర్‌కి కంపారేటర్ (భుజానికి ఆని కొలిచే ముక్క) బిగించి అడుగు నుంచి భుజం దాకా కొలవండి. డైని కొంచెం కొంచెం దించుతూ, సైజ్ చేసి, ఆ కొలత 1–2 థౌ తగ్గేదాకా రండి. సెమీ ఆటోకైతే 3–4 ఉంచాలి. ఫైరింగ్ పిన్, ఎజెక్టర్ ఊడదీసిన బోల్ట్‌తో కేసు ఎక్కించి చూడండి: హ్యాండిల్ దానంతటదే కిందికి జారాలి. అప్పుడు డై కదలకుండా లాక్ రింగ్ బిగించేయండి.

డైని షెల్ హోల్డర్‌కి (కేసు అడుగుని పట్టుకునే బిళ్ల) ఆనించి ఇంకో పావు చుట్టు దించమనే పాత సలహా అందరి చాంబర్‌కీ సరిపోదు. భుజం ప్రతిసారీ 6–8 థౌ వెనక్కి పోతే, పేలినప్పుడల్లా కేసు అంతమేర సాగి అడుగుకి కాస్త పైన పలచబడుతుంది. బయట మెరిసే గీత కనబడినా, కొన వంచిన తీగతో లోపల గీరితే గాడి తగిలినా ఆ కేసు పారేయండి. తర్వాతిసారి చాంబర్‌లోనే రెండు ముక్కలు కావచ్చు.

ప్రశ్న: డై కదపలేదు. అయినా కొన్ని కేసుల్లో భుజం 1 థౌ, కొన్నిట్లో 4 వెనక్కి పోతోంది.

జవాబు: రకరకాల కంపెనీల కేసులు, వేర్వేరుగా పేలినవి కలిపేసి ఉంటారు. పేల్చేకొద్దీ ఇత్తడి గట్టిపడి, నొక్కి వదలగానే వెనక్కి లేస్తుంది. మెడకీ భుజానికీ అనీలింగ్ (వేడిచేసి ఇత్తడిని మెత్తబరచడం) చేస్తే దారికొస్తాయి. అడుగుకి మాత్రం వేడి తగలకూడదు, అక్కడ మెత్తబడితే ప్రమాదం. కందెన కూడా సమంగా రాయాలి. ఎక్కువైతే భుజం మీద సొట్టలు, తక్కువైతే కేసు డైలో ఇరుక్కుపోతుంది. రామ్ (ప్రెస్‌లో కేసుని డైలోకి నెట్టే కడ్డీ) పైదాకా వెళ్లాక రెండు మూడు సెకన్లు అలాగే ఆపి చూడండి.

ప్రశ్న: మెడ ఒక్కటే సైజ్ చేస్తే చాలదా?

జవాబు: కొన్నిసార్లు నడుస్తుంది. ఆ తర్వాత ఒళ్లు బిగిసి బోల్ట్ మొరాయిస్తుంది, గురి కూడా చెదురుతుంది. బుషింగ్ (మెడని నొక్కే, మార్చుకోగల రింగు) ఉన్న డైతో ప్రతిసారీ మొత్తం సైజ్ చేయడమే మేలు. బుషింగ్ సైజు, బుల్లెట్ కూర్చున్న మెడ కొలతకన్నా 2 థౌ తక్కువ: అది 0.336 అయితే 0.334 కొనండి. పొడవు కత్తిరించడం సైజింగ్ అయ్యాకే, ఎందుకంటే కేసు పొడవు పెరిగేది అక్కడే. .308కి గరిష్ఠం 2.015 అంగుళాలు, కత్తిరించేది 2.005కి.