చరిత్ర అడగండి: మాయా జనం ఎక్కడికి పోయారు?

గ్వాటెమాలా అడవిలో మాయా వాళ్ల పాత నగరం తికాల్ ఉంది. అక్కడి గుడి ఫొటో ఒకటి గత నెల ఈ పేజీలో వేశాం. దాని మీద చాలా ఉత్తరాలు వచ్చాయి. నాలుగింటికి జవాబు రాస్తున్నాను.

ప్రశ్న: మయసభ కట్టిన మయుడి వంశం వాళ్లే అమెరికా వెళ్లి మాయా నాగరికత నిర్మించారని ఒక వీడియోలో చూశాను. పేరు కూడా కలుస్తోంది. నిజమేనా మేడమ్? (ఇంజినీరింగ్ విద్యార్థి, విజయవాడ)

జవాబు: నిజం కాదు బాబూ. ముప్పై ఏళ్లు జూనియర్ కాలేజీలో చరిత్ర చెప్పాను. ఏటా ఎవరో ఒకరు ఇదే అడిగేవారు. పేరు కలవడం తప్ప దీనికి ఆధారం లేదు. 'మాయా' అన్నది యుకటాన్ ద్వీపకల్పంలోని ఒక జనం పేరు. దక్షిణ మెక్సికో నుంచి గ్వాటెమాలా, బెలీజ్, హోండురాస్ దాకా దగ్గరి భాషలు మాట్లాడే వాళ్లందరికీ ఆ పేరును తర్వాతి కాలపు పండితులు వాడారు. తికాల్‌ను ఏలిన రాజులకు తమ ఊరు 'ముతుల్' మాత్రమే.

మన దగ్గర నుంచి జనం వెళ్లి ఉంటే వాళ్ల వెంట వరి గింజ, ఎద్దు, ఇనుము వెళ్లేవి కదా! స్పెయిన్ వాళ్లు వచ్చేదాకా ఈ మూడూ అక్కడ లేవు. ఎడ్లు లేవు, బండ్లు లేవు. రాయిని రాతి పనిముట్లతోనే చెక్కి, మనుషులే మోసుకెళ్లి కట్టారు. ఎల్ మిరడోర్ అనే చోట 'లా దాంతా' అన్న కట్టడం ఎత్తు దాదాపు 72 మీటర్లు. అది రెండు వేల ఏళ్ల నాటిది. ఆ కష్టాన్ని తీసుకెళ్లి వేరే వాళ్ల ఖాతాలో వేస్తుంటే నాకు బాధగా ఉంటుంది. అసలైన చుట్టరికం కావాలంటే మన వంటింట్లో ఉంది. మిరప, మొక్కజొన్న, బొప్పాయి మూడూ మెక్సికో, మధ్య అమెరికా రైతులు సాగులోకి తెచ్చినవి. గుంటూరు మిరపకాయకు పుట్టిల్లు అటువైపే. పోర్చుగీసు ఓడల్లో మన దేశానికి వచ్చింది.

ప్రశ్న: మాయా రాజ్యాలు కరువుతో నాశనమయ్యాయని చదివాను. మాది కరువు జిల్లా కాబట్టి అడుగుతున్నాను. వానలు లేకపోతే అంత పెద్ద నాగరికత కూలిపోతుందా? (ఉపాధ్యాయుడు, అనంతపురం)

జవాబు: మాస్టారూ, వానల దగ్గరే మొదలుపెడదాం. తికాల్ దగ్గర ఏరు లేదు. బావి తవ్వుదామంటే నీళ్లు చాలా లోతున ఉంటాయి. ఏడాదిలో నాలుగైదు నెలలు వాన చాలా తక్కువ. అందుకని వాళ్లు ఊరినే నీళ్లు పట్టే పళ్లెంలా కట్టుకున్నారు. గుళ్ల ముందున్న పెద్ద పెద్ద ముంగిళ్లకు సున్నపు గచ్చు చేసి, వాలు పెట్టి, పడ్డ వాన చెరువుల్లోకి జారేలా చేశారు. ఒక చెరువులో నీటిని వడగట్టడానికి జియోలైట్ అనే ఖనిజం కలిసిన ఇసుక వాడారు. నేను అక్కడికి వెళ్లినప్పుడు గైడ్ గుళ్లు చూపించి తొందరపెడుతున్నా, ఎండిపోయి చెట్లు మొలిచిన ఆ చెరువు గుంట ఒడ్డునే చాలాసేపు నిలబడిపోయాను. వేల మంది ప్రాణం ఆ గుంటలో ఉండేది.

కరువు వచ్చిన మాట వాస్తవం. యుకటాన్‌లో చిచాంకనాబ్ అనే సరస్సు ఉంది. అడుగు బురదలోకి గొట్టం దించి తీసిన మట్టిలో జిప్సం పొరలు కనిపించాయి. నీరు బాగా ఇంకిపోయినప్పుడే జిప్సం అలా పేరుకుంటుంది. ఆ పొరలు క్రీ.శ. 800 నుంచి 1000 మధ్య కాలానివని 1995లో ప్రకటించారు. అదే సరస్సు మట్టితో 2018లో వేసిన లెక్క ప్రకారం ఆ కాలంలో వాన సగటున సగానికి తగ్గింది, గడ్డు రోజుల్లో 70 శాతం దాకా పడిపోయింది. మిగిలిన కాస్త నీరూ పాడైంది. తికాల్ రాజుల భవనాల పక్కనున్న చెరువుల పూడికలో పాదరసం, విషపు నాచు ఆనవాళ్లు దొరికాయని 2020లో వెలువడింది. గోడలకు పూసిన ఇంగిలీకం (పాదరసం ఉండే ఎర్ర రంగు ఖనిజం) వాన నీటితో కలిసి చెరువులోకి దిగిందట. రాజుగారి ఇంటి ఎర్ర రంగే ఆయన తాగే నీళ్లను చెడగొట్టింది.

అయినా కరువు ఒక్కటే కారణం అంటే నేను ఒప్పుకోను. దోస్ పిలాస్ అనే రాజధాని 761లోనే పడిపోయింది. పెద్ద కరువు అప్పటికింకా రాలేదు. అక్కడి జనం తమ రాజభవనం రాళ్లూ గుడి రాళ్లూ పీక్కొచ్చి ఊరి నడిబొడ్డున అడ్డుగోడలు కట్టుకున్నారు. శత్రువు ఎంత దగ్గరికి వచ్చి ఉంటే సొంత గుడిని విప్పుకుంటారో ఆలోచించండి. ఇంకో సంగతి. ఉత్తరాన యుకటాన్ నేల దక్షిణం కంటే పొడి నేల. కరువే అసలు కారణమైతే ముందు అక్కడి ఊళ్లు పోవాలి. కానీ దక్షిణం ఖాళీ అవుతున్న ఆ 9వ శతాబ్దంలోనే ఉష్మల్, చిచెన్ ఇట్సా పెద్ద నగరాలయ్యాయి.

నాకు తోచింది చెబుతాను. వాళ్ల రాజు మామూలు రాజు కాదు, 'కుహుల్ అహావ్', అంటే దైవాంశ ఉన్న ప్రభువు. తన ఒంటి నుంచి రక్తం తీసి దేవతలకు అర్పించి, జనానికి వానలూ పంటలూ ఇప్పిస్తానని మాట ఇచ్చినవాడు. పక్క రాజ్యం మీద గెలుపు కూడా ఆ మాటలో భాగమే. తికాల్, కలాక్‌ముల్ రాజ్యాలు తరాల తరబడి కొట్టుకున్నాయి. 562లో తికాల్ ఓడింది, 695లో తికాలే గెలిచింది. మధ్యలో నలిగింది మొక్కజొన్న పండించేవాడే. జనం పెరిగారు. వంటచెరకుకీ సున్నం కాల్చడానికీ అడవి తరిగింది. అలాంటి సమయంలో వాన కూడా మొహం చాటేస్తే రాజు మాటకు విలువేముంటుంది? రైతు కుటుంబాన్ని తీసుకుని నీళ్లున్న చోటికి నడిచాడు. హోండురాస్‌లోని మాయా నగరం కోపాన్‌లో చివరి బలిపీఠం మీద 822 నాటి తేదీ ఉంది. ఒక వైపు బొమ్మ పూర్తయింది, రెండో వైపు మొదలుపెట్టి ఆపేశారు, మిగతా రెండు వైపులూ బోడి రాయి. శిల్పి ఉలి కింద పెట్టి వెళ్లిపోయాడు. తికాల్‌లో తేదీ వేసిన చివరి నిలువురాయి 869 నాటిది. ఒక మొదటి రోజు నుంచి రోజులు ఎంచుకుంటూ వచ్చే వాళ్ల 'దీర్ఘ గణన' పద్ధతిలో రాసిన తేదీల్లో మనకు దొరికిన ఆఖరిది తోనినా అనే మాయా నగరంలో ఉంది, 909.

మీ ప్రశ్నకు సూటిగా జవాబు అడిగితే, వాన తగ్గితే రాజ్యాలు కూలతాయి. అప్పటికే లోపల పగుళ్లున్న రాజ్యాలు ఇంకా ముందు కూలతాయి.

ప్రశ్న: 2012లో యుగాంతం అని టీవీల్లో చెప్పారట, మా అమ్మ ఇప్పటికీ చెబుతుంది. మాయా క్యాలెండర్‌లో నిజంగా అలా ఉందా? (పదో తరగతి విద్యార్థిని, కరీంనగర్)

జవాబు: లేదమ్మా. ఆ డిసెంబరులో మా వీధిలో పిల్లలు టెన్షన్‌తో నిద్రపోలేదు, నాకు బాగా గుర్తు. మనం పదుల్లో లెక్కపెడితే వాళ్లు ఇరవైల్లో లెక్కపెట్టారు. చుక్క అంటే ఒకటి, గీత అంటే అయిదు, గవ్వలాంటి గుర్తు సున్నా. మనకు ప్రభవ నుంచి అక్షయ దాకా 60 ఏళ్ల చక్రం ఉన్నట్టే, 260 రోజులదీ 365 రోజులదీ రెండు లెక్కలు కలిపి వాళ్లకు 52 ఏళ్ల చక్రం ఉండేది. దానికి తోడు క్రీ.పూ. 3114 ఆగస్టు నుంచి రోజులు ఎంచుకుంటూ వచ్చే పెద్ద లెక్క ఒకటి, పైన చెప్పిన దీర్ఘ గణన అదే. అందులో 1,44,000 రోజుల కట్టలు పదమూడు నిండిన రోజు 2012 డిసెంబరు 21. అంతే. మర్నాడు మళ్లీ ఒకటి. పలెంకే అనే మాయా నగరంలో పకాల్ రాజు సమాధి గుడి శాసనంలో క్రీ.శ. 4772 నాటి తేదీ కూడా ఉందని మీ అమ్మకు చెప్పు. లోకం 2012తో అయిపోతుందనుకున్నవాళ్లు ఆ తేదీ చెక్కిస్తారా?

ప్రశ్న: మేం హ్యూస్టన్‌లో ఉంటాం. మా ఇంటి పైకప్పు మార్చడానికి వచ్చిన గ్వాటెమాలా కుర్రాడు తన మాతృభాష స్పానిష్ కాదు, కిచే అన్నాడు. నెట్‌లో చూస్తే అది మాయా భాష అని ఉంది. మాయా వాళ్లు ఎప్పుడో అంతరించిపోయారు కదండీ? (గృహిణి, హ్యూస్టన్)

జవాబు: అమ్మా, మీ ఉత్తరం చదివి చాలా సంతోషించాను. 'మాయా జనం అంతుచిక్కకుండా అదృశ్యమయ్యారు' అని నేనూ ఒకప్పుడు పిల్లలకు నోట్స్ చెప్పాను. ఎంత తప్పు మాటో తర్వాత తెలిసింది. దక్షిణాన రాజులూ రాజధానులూ పోయాయి. జనం పోలేదు. మాయా భాషలు దాదాపు ముప్పై ఇప్పటికీ బతికున్నాయి, మాయా జనం లక్షల్లో ఉన్నారు.

వాళ్ల చివరి స్వతంత్ర రాజ్యం స్పెయిన్ చేతికి చిక్కింది 1697లో. ఒక సరస్సు మధ్య ద్వీపంలో ఉండేది, పేరు నోహ్‌పెటెన్. ఇప్పుడా ద్వీపం మీద ఫ్లోరెస్ అనే ఊరుంది. తికాల్ చూడటానికి వెళ్లి నేను బస చేసింది అక్కడే. తెల్లవారుజామున పక్కింటి పెరట్లో ఒకామె రాత్రి నానబెట్టిన మొక్కజొన్నలు కడుగుతోంది. నీళ్ల వాసన తెలిసినట్టే ఉంది. అడిగితే తెల్లటి ముద్ద చూపించింది. మా నాయనమ్మ తాంబూలానికి వాడే సున్నమే! సున్నపు నీళ్లలో ఉడికించి నానబెడితే పొట్టు ఊడుతుంది, గింజలోని ఒక విటమిన్ ఒంటికి పడుతుంది. తికాల్ కట్టినవాళ్లు తిన్న తిండి అదే. ఆ మొక్కజొన్నతో చేసిన రొట్టె ఆమె నాకు వేడివేడిగా పెట్టింది.

పోయినవి పుస్తకాలు. 1562లో మనీ అనే ఊళ్లో దియెగో ది లాందా అనే ఫ్రాన్సిస్కన్ సన్యాసి మాయా పుస్తకాలను మంటల్లో వేయించాడు. మొత్తం మీద ఇప్పుడు నాలుగే మిగిలాయి. లిపి చదవడం మరిచిపోయారు. 1952లో సోవియట్ పండితుడు యూరి క్నోరొజోవ్ దారి చూపించాక, మాయా శాసనాల రాళ్లు రాజుల పేర్లూ యుద్ధాలూ పెళ్లిళ్లూ చెప్పడం మొదలుపెట్టాయి.

ఇక మీ ఇంటికి వచ్చిన ఆ అబ్బాయి తాతల కాలం సంగతి. 1960 నుంచి 1996 వరకు గ్వాటెమాలాలో అంతర్యుద్ధం జరిగింది. చనిపోయినవాళ్లూ జాడ తెలియకుండా పోయినవాళ్లూ రెండు లక్షలకు పైనే. గుర్తు తెలిసిన బాధితుల్లో 80 శాతానికి పైగా మాయా వాళ్లు. ఆ రోజుల్లో తండ్రినీ తల్లినీ తమ్ముణ్ణీ పోగొట్టుకున్న కిచే ఆడపడుచు రిగొబెర్తా మెంచూకి 1992లో నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. ఆ పేరు ఎత్తి చూడండి, అతనికి తెలిసే ఉంటుంది. కిచేలో 'మల్త్యోష్' అంటే ధన్యవాదాలు. కప్పు పని పూర్తయిన రోజు ఆ మాట అనండి. అతను ఏమన్నాడో నాకు రాయండి.