ట్యాంకులో బోరు గొట్టం పెట్టనివ్వకు

చిరంజీవి మేనకోడలికి, మామయ్య ఆశీస్సులు.

కనిగిరి దగ్గర మీ బడి స్లాబు మీద పడే వాన నీళ్లు పట్టి పిల్లలకు తాగడానికి ఇవ్వబోతున్నావని మీ అమ్మ చెప్పింది. గర్వంగా అనిపించింది, భయమూ వేసింది.

స్లాబు మీదికి వాలిన కొమ్మలు కొట్టించడం, వానలకు ముందు ఊడిపించడం, గొట్టాల మూతికి జాలీ పెట్టడం నీకు తెలిసినవే. లెక్క దగ్గర మాత్రం తొందరపడకు. స్లాబు 100 చదరపు మీటర్లు అనుకో, ఏడాదికి 700 మి.మీ. వాన, అందులో నూటికి 80 వంతులు చేతికొస్తే 56,000 లీటర్లు. పిల్లలు 80 మంది. తాగడానికీ మధ్యాహ్న భోజనం వండడానికీ తలా 3 లీటర్లు వేసుకుంటే రోజుకు 240, అంటే 220 పని దినాలకు 52,800. సరిపోయిందని తేల్చేసి 10,000 లీటర్ల ట్యాంకు కట్టేస్తారు. తప్పు అక్కడే జరుగుతుంది. మన వైపు వాన ఎక్కువగా అక్టోబరు, నవంబరుల్లో కుమ్మరించి పోతుంది. జనవరి నుంచి వేసవి సెలవుల దాకా సుమారు 90 పని దినాలు నిల్వ నీళ్లతోనే గడవాలి. దానికే 21,600 లీటర్లు కావాలి. అందుకని 25,000 లీటర్లకు తక్కువ కట్టకు: 4 మీటర్ల వ్యాసం, 2 మీటర్ల నీటి లోతు, నేల మీద గుండ్రటి ఫెర్రోసిమెంటు (ఇనుప జాలీ మీద సిమెంటు పూసి కట్టే) ట్యాంకు.

చిన్నది కడితే ఏమవుతుందో విను. మార్చి వచ్చేసరికి అడుగంటుతుంది. అప్పుడెవరో మంచి మనసుతోనే బోరు గొట్టం తెచ్చి ట్యాంకులో పెడతారు. అదే కొళాయి, అదే రంగు. పిల్లలు వాన నీళ్లనుకునే తాగుతారు, టీచర్లూ అంతే అనుకుంటారు. మన బోరు నీళ్లతో భయమల్లా ఫ్లోరైడు, పళ్లనూ ఎముకలనూ పాడుచేసే లవణం. దానికి రంగూ వాసనా ఉండవమ్మా. లీటరుకు 1 మిల్లీగ్రాము మించకూడదు, వేరే దారే లేకపోతే 1.5 దాకా. బోరులో 4 ఉందనుకో, సగానికి సగం వాన నీళ్లు కలిసినా 2 మిగులుతుంది. కాచితే పోదు, నీరు ఆవిరై ఇంకా చిక్కనవుతుంది. బ్లీచింగు క్రిములను చంపుతుంది గానీ ఫ్లోరైడును తాకదు. ఎనిమిదేళ్లలోపు పిల్లలకు శాశ్వత దంతాలు చిగుళ్లలోపలే తయారవుతుంటాయి. అప్పుడు పడ్డ మచ్చ ఎంత తోమినా పోదు. మన దేశంలో ఈ ఫ్లోరోసిస్ జబ్బును 1937లో మొదటిసారి గుర్తించి రాసింది అప్పటి నెల్లూరు జిల్లాలోనే. ఇన్నేళ్ల తర్వాత కూడా మన పిల్లల పళ్లు చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

కాబట్టి బోరు గొట్టం దూరే రంధ్రమే ట్యాంకుకు ఉంచకు. గిన్నెలు కడగడానికీ మరుగుదొడ్లకూ బోరు నీళ్లు వాడండి, ఆ కొళాయిలకు ఎర్ర రంగు వేయించు. ట్యాంకులో దించడానికి గీతల కర్ర పెట్టుకో. ప్రతి 10 సెం.మీ. నీళ్లు మీకు 5 రోజులు. కొళాయికి అందని అడుగు 10 సెం.మీ. కూడా కలుపుకుని, జనవరి మొదట్లో కర్ర మీద 190 సెం.మీ. తడి కనబడకపోతే పొదుపు ఆ రోజే మొదలుపెట్టు, ఏప్రిల్ దాకా ఆగకు.

తొలి వాన సంగతి. పావురాల రెట్టలూ దుమ్మూ కొట్టుకొచ్చే మొదటి మిల్లీమీటరు నీళ్లు, అంటే 100 లీటర్లు, బయటికి పోవాలి. మేస్త్రీ 110 మి.మీ. గొట్టం ఒక మీటరు నిలబెట్టి చాలంటాడు. అందులో పట్టేది 10 లీటర్లు కూడా కాదు. ఒప్పుకోకు, 100 లీటర్ల డ్రమ్ము పెట్టించు. దాని అడుగున సన్నగా కారే రంధ్రం ఉండాలి, లేకపోతే నిండిన డ్రమ్ము నిండినట్టే ఉండి తర్వాతి వాన మురికి నేరుగా ట్యాంకులోకి పోతుంది.

క్లోరిను పెద్ద ట్యాంకులో వేయకు, నాలుగు రోజుల్లో పోతుంది. రోజూ వాడే 500 లీటర్ల సింటెక్సులో వేయి. 25 శాతం బ్లీచింగు 40 గ్రాములు లీటరు నీళ్లలో కలిపి, తేరిన నీళ్లు 50 మి.లీ. పోసి, అరగంట ఆగి, నీళ్లలో మిగిలిన క్లోరిను చూపించే క్లోరోస్కోపుతో చూడు. లీటరుకు 0.2కీ 0.5 మిల్లీగ్రాములకీ మధ్య ఉండాలి.

గాలి గొట్టానికీ పొర్లు గొట్టానికీ దోమ దూరని సన్న జాలీ కట్టించు. కొళాయి అడుగు నుంచి 10 సెం.మీ. పైన ఉండాలి. ఇక మూత. ఇనుప మూత, తాళం, తాళంచెవి నీ దగ్గర. బడి పిల్లలమ్మా, ఒక్క మధ్యాహ్నం మూత తెరిచి ఉంటే చాలు. కడగడానికి మనిషిని దింపినా పైన ఇంకొకరు తప్పకుండా నిలబడాలి.

ఈ ఆదివారం టేపు పట్టుకుని స్లాబు నువ్వే కొలిచి రాయి. బోరు నీళ్లు ల్యాబుకు పంపి ఆ కాగితం కూడా పంపించు. పని మొదలయ్యే రోజు ముందే చెబితే వచ్చి నిలబడతాను.

మీ మామయ్య