జేబు రివాల్వర్: స్ప్రింగ్ వద్దు, ముందు గ్రిప్ మార్చండి

మీ రివాల్వర్‌ను జేబులోంచి తీసేటప్పుడు హ్యామర్ (వెనక ఉండే, తూటాను పేల్చే సుత్తి) కొన బట్టకు తగులుకుంటోందని, కాలిస్తే చెయ్యి నొప్పెడుతోందని, ట్రిగ్గర్ నొక్కడానికి పట్టే బలం తగ్గించడానికి మెత్తటి స్ప్రింగ్ వేయాలనుకుంటున్నానని రాశారు. స్ప్రింగ్ జోలికి దయచేసి వెళ్లకండి. హ్యామర్ స్ప్రింగ్ బలం తగ్గితే ప్రైమర్‌కు (తూటా అడుగున మందును అంటించే భాగం) గట్టి దెబ్బ పడక తూటా పేలకపోవచ్చు. ప్రాణం కాపాడుకోవడానికి పెట్టుకున్న ఆయుధంలో ఆ రిస్క్ ఎందుకు? తూటాలు లేవని రెండుసార్లు చూసుకుని, సురక్షితమైన దిశలో గురిపెట్టి ట్రిగ్గర్‌ను ఖాళీగా నొక్కడం సాధన చేయండి. ఆ బరువు చేతికి అలవాటవుతుంది.

నొప్పికి అసలు మందు గ్రిప్, అంటే పిడి. చిటికెన వేలికీ పట్టు దొరికే రబ్బరు గ్రిప్ వేయించండి. జేబులో కాస్త ఎత్తుగా అనిపిస్తుంది, అయినా నా ఓటు దానికే. మీది .38 స్పెషల్ రకం తూటాలు వాడే రివాల్వర్ అయితే 148 గ్రెయిన్ల (తూటా బరువు కొలత) వాడ్‌కటర్ అనే చదును ముక్కు తూటాలు వెనక్కి తక్కువగా తంతాయి.

హ్యామర్ కొనను నిపుణుడి చేత కోయించండి, ఇంట్లో ఆకురాయి పట్టొద్దు. కొత్తది కొనే ఆలోచన ఉంటే స్మిత్ అండ్ వెసన్ కంపెనీ 642 మోడల్‌లో హ్యామర్ లోపలే ఉంటుంది.

ట్రిగ్గర్‌ను పూర్తిగా కప్పే పాకెట్ హోల్‌స్టర్ (జేబులో పెట్టే తొడుగు) తప్పనిసరి. ఆ జేబులో తాళాలు, చిల్లర ఏవీ పెట్టకండి. బట్ట నలుసులు చేరుతుంటాయి కాబట్టి తరచూ తుడవండి.