మచ్చ తగ్గింది సరే, పోయిందా?

చిరంజీవి బాబుకు మామయ్య ఆశీస్సులు.

బావగారి ఊపిరితిత్తిలో మచ్చ మూడు వారాల యాంటీబయోటిక్‌కి 42 మిల్లీమీటర్ల నుంచి 30కి దిగిందని రాశావు. చాలా సంతోషం. కానీ "తగ్గిందిగా, మళ్లీ స్కానెందుకు" అని అక్క అంటోందన్నావే, అక్కడ మాత్రం మెత్తబడకు. శ్వాసనాళానికి గడ్డ (ట్యూమర్) అడ్డుపడి, దాని వెనక న్యుమోనియా చేరినా ఇలాగే జరుగుతుంది. మందుకి న్యుమోనియా కరిగి మచ్చ చిన్నదవుతుంది, గడ్డ అక్కడే కూర్చుంటుంది. బావగారు ఏళ్లతరబడి సిగరెట్ తాగిన మనిషి, అందుకే ఇంత పట్టుబడుతున్నా.

ముందు ఆ రెండు కొలతలూ నిజంగా పోల్చదగినవేనా చూడు. సీటీ బొమ్మని తెరమీద రకరకాల వెలుగు అమరికల్లో చూస్తారు, వాటిని విండోలంటారు. ఊపిరితిత్తి బాగా కనపడే లంగ్ విండోలో కొలిస్తే మచ్చ పెద్దగా వస్తుంది. ఛాతీ మధ్యభాగం కోసం వాడే మెడియాస్టైనల్ విండోలో అంచుల మసక కనపడక చిన్నగా వస్తుంది. ఒక స్కాన్ అమీర్‌పేటలో, ఇంకోటి దిల్‌సుఖ్‌నగర్‌లో తీయించారు కాబట్టి ఈ అనుమానం. పాత సీడీ చేతికిస్తేనే రేడియాలజిస్టు రెండూ పక్కపక్కన పెట్టి కొలుస్తారు, ఫిల్ములు చాలవు. తర్వాతి సీటీ మందు మొదలైన 6 నుంచి 8 వారాలకు, మొదట తీసిన సెంటర్‌లోనే తీయించు. యాభై దాటినవాళ్లకి జ్వరం, దగ్గు పోయాక కూడా నీడ నిదానంగా కరుగుతుంది, దానికి బెంగ వద్దు. కరగడం ఆగిపోయినా, మళ్లీ పెరిగినా బ్రాంకోస్కోపీ (కెమెరా గొట్టంతో శ్వాసనాళంలోకి చూడటం) చేయాలా, సూదితో బయాప్సీ (పరీక్షకి చిన్న ముక్క) తీయాలా అని డాక్టరుగారిని నువ్వే అడుగు.

మచ్చ టీబీది కూడా కావచ్చు కాబట్టి, మందుల చీటీలో లీవోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయోటిక్ ఉందేమో కూడా చూడు. అది టీబీ క్రిమిని కొంత అణచిపెడుతుంది. మచ్చ తగ్గినట్టే తగ్గి, మందు ఆపాక తిరగబెడుతుంది. ఈలోపు తెమడలో క్రిమి దొరక్కపోవచ్చు. ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా వాడారో డాక్టరుగారికి చెప్పు.

తెమడ పరీక్ష ఎక్కువగా చెడేది ఉమ్మి పట్టివ్వడం వల్లే. పొద్దున లేవగానే నీళ్లతో నోరు పుక్కిలించి, ఆరుబయట నిలబడి, రెండు మూడుసార్లు గట్టిగా ఊపిరి పీల్చి, గుండెల్లోంచి దగ్గి తీయాలి. చిక్కగా కనీసం 2 మిల్లీలీటర్లు ఉండాలి. డబ్బా మూత బిగించి ఆ పూటే ల్యాబుకి చేర్చు. ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రిలో సీబీనాట్ పరీక్ష (తెమడలో టీబీ క్రిమి జన్యువుల్ని పట్టేది) ఉచితం, టీబీకి ముఖ్యమైన మందు రిఫాంపిసిన్ పనిచేస్తుందో లేదో కూడా అందులోనే తెలుస్తుంది.

టీబీ అని తేలితే మామూలుగా ఆరు నెలల మందు: 2 నెలలు నాలుగు రకాలు, తర్వాత 4 నెలలు మూడు. మూత్రం నారింజ రంగులో వస్తే భయపడొద్దు. కళ్లు పచ్చబడినా, వాంతులు ఆగకపోయినా, చూపు మసకబారినా వెంటనే డాక్టరుకి చూపించాలి.

ఈసారి వెళ్లేటప్పుడు రెండు సీడీలూ, చీటీలూ ఒకే కవర్లో పెట్టుకో. దగ్గులో రక్తం పడితే మాత్రం అపాయింట్‌మెంట్ కోసం ఆగకు, ఆ క్షణమే ఎమర్జెన్సీకి తీసుకెళ్లు.

మీ మామయ్య